షబ్నం ఇంజనుగది

మాధురి పడవ కొన్నదంటే నారాయణగూడలో ముందు ఎవరూ నమ్మలేదు. నమ్మిన తర్వాత ఎవరూ నవ్వు ఆపుకోలేదు. పడవంటే ఏ పుట్టియో తెప్పో అనుకునేరు, కాదు. మోటార్ యాట్. ఇనుప పొట్ట, టేకు గది, ఇత్తడి అంచుల గుండ్రటి కిటికీలు, కోటేరు వేసినట్టు ముక్కు, పక్కన ఉర్దూలోనూ తెలుగులోనూ 'షబ్నం' అని పేరు. ఎప్పుడో ఎవరో షోకిలా మనిషి హుస్సేన్ సాగర్‌లో షికారు కొట్టడానికి చేయించుకున్నాడట. ఆయనా పోయాడు, ఆ షోకూ పోయింది. పడవ మాత్రం గట్టున తుప్పల్లో పడి తుప్పు పట్టింది. దాన్ని వేలంలో పాత ఇనుము వాళ్ళతో పోటీపడి మరీ కొన్నది మాధురి.

ఆమెకిదేం రోగమని అడిగిన వాళ్ళకి ఆమె జవాబు చెప్పలేదు గానీ, మనం చెప్పుకోవచ్చు. మాధురిది పెళ్ళిళ్ళకి జనరేటర్లు కిరాయికిచ్చే దందా. డిప్లొమా చదివింది, ఇంజను విప్పితే మళ్ళీ బిగించేదాకా అన్నం ముట్టదు. చిక్కడపల్లి నుంచి హిమాయత్‌నగర్ దాకా ఏ ఫంక్షన్ హాల్లో కరెంటు పోయినా పెళ్ళికూతురి మొహం మీద వెలుగు ఆరకుండా చూసేవి ఆమె ఇంజన్లే. కానీ వాటిని చూసిందెవరు? హాలు వెనకాల, అంట్లు తోమే జాగా పక్కన వాటి కాపురం. "జర అవతలికి జరుపమ్మా, లొల్లి అయితున్నది" అనేవాళ్ళే తప్ప, "ఎంత ముద్దుగ నడుస్తున్నది" అన్న మనిషి పుట్టలేదు. ఆ ఒక్క మాట కోసం మాధురి ప్రాణం కొట్టుకుపోయేది. బయటికి చెప్పుకుంటే పిచ్చిదంటారని లోపలే దాచుకుంది.

షబ్నంలో ఏముందంటే, ఇంజనుగది సరిగ్గా నడిమధ్యన ఉంది. జనం కూర్చునే గదిలోనే, నేల మీది మూత ఎత్తితే కింద ఇంజను. మాధురి ఆ మూత ఎత్తి చూసినప్పుడు బురద, ఎలుకలు తప్ప ఏమీ లేవు. అయినా ఆమె మనసు అక్కడే పడిపోయింది.

"మంచిగ నడిచే దందా ఉండంగ పడవెందుకు మాధురీ?" అన్నాడు భర్త ఫణీంద్ర. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెబుతాడు. నదులన్నీ నోటికొచ్చు, నీళ్ళంటే మాత్రం భయం.

"అందుల ఇంజను నట్టింట్ల ఉంటది," అన్నది మాధురి.

ఫణీంద్రకి ఒక్క ముక్క అర్థం కాలేదు. వేలంలో పెట్టిన షరతు మాత్రం బాగా అర్థమైంది. పడవని సాగర్‌లో తిప్పాలంటే ఈ సీజన్‌లోనే తనిఖీ దాటాలి. అవకాశాలు రెండే. రెండోసారి కూడా నడినీళ్ళలో ఆగిందా, గట్టుకి లాగి గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేయించి పట్టుకుపోవాల్సిందే.

ఎండాకాలంలో షబ్నంని పొడుగు లారీ మీద అశోక్‌నగర్ తీసుకొస్తుంటే అదో ఊరేగింపైపోయింది. టార్పాలిన్ కప్పిన అంత ఎత్తు ఆకారం, దాని మీద వెల్డర్ ఈదయ్య కూర్చుని పంగల కర్రతో కరెంటు తీగలు ఎత్తుతుంటే, ఇందిరా పార్కు దగ్గర ఒక పెద్దావిడ వినాయకుడే అనుకుని చెప్పులు విడిచి దండం పెట్టింది. "చవితి ఇంక శాన దూరమున్నది గదనే," అని పక్కావిడ సణుగుతూనే తనూ పెట్టింది. చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళయితే పుస్తకాలు మూసి వచ్చి, టీ తాగుతూ తలా ఒక సలహా పారేశారు. ఉచితం కదా.

మాధురి జనరేటర్ షెడ్డు పక్కన ఖాళీ జాగాలో పని మొదలైంది. పాత ఇంజను ఎంత బిగుసుకుపోయిందంటే దాన్ని పైకి తీయడానికి క్రేనుక్కూడా తలప్రాణం తోకకొచ్చింది. దాని కింద పేరుకున్న నల్లటి నూనె బురదని ఈదయ్య, అతని భార్య మాసమ్మ రంపపు పొట్టు చల్లి చల్లి ఎత్తిపోశారు. పాలమూరు నుంచి వచ్చి బాగ్ లింగంపల్లి బస్తీలో ఉంటున్న ఆ దంపతులు పడవెక్కడం అదే మొదలు, అదీ నేల మీద.

కొత్త ఇంజను కోసం మాధురి ఎక్కడికీ పోలేదు. తన జనరేటర్లన్నిట్లోకీ నెమ్మదైన దాన్ని, తన ముద్దుబిడ్డని విప్పింది. కాకినాడ నుంచి చేపల బోటు గేర్‌బాక్సు తెప్పించింది. ఇంజను కూర్చునే కుళ్ళిన చెక్క దిమ్మెలు తీయించి ఇనుప దిమ్మెలు వేయించింది. వైర్లన్నీ కొత్తవి లాగించింది, చప్పుడు మింగే తాపడం కొట్టించింది. మూతకి చెక్క తీసేసి మందపాటి అద్దం వేయించింది. ఆఖరున ఇంజనుగది మొత్తానికి తెల్ల రంగు పూయమంది.

"తెల్ల రంగేందక్కా, పెండ్లికూతురి రూమా ఏంది?" అన్నాడు ఈదయ్య.

"నూనె చుక్క పడితే కనపడాలె," అన్నది మాధురి. అది నిజమే గానీ, ఈదయ్య అన్నది కూడా అబద్ధం కాదు.

ఇంజను వేడెక్కకుండా సముద్రం బోట్లలో చేసే పద్ధతే పెట్టింది. కింద కన్నంలోంచి పంపు నీళ్ళు పీల్చుకోవాలి, ఆ నీళ్ళు ఇంజను వేడి లాక్కుని వెనక నుంచి బయటికి పోవాలి. జాగాలోనే ట్యాంకర్ తెప్పించి, మంజీరా నల్లా నీళ్ళతో పరీక్ష పెట్టింది. చక్రాల్లేని బండికి నిమ్మకాయలెక్కడ పెట్టాలో తెలియక ఈదయ్య క్రేను చక్రాల కింద పెట్టి తొక్కించాడు. ఇంజను అందుకుంది. సాయంత్రందాకా నడిచినా వేడి చూపించే ముల్లు గీత దాటలేదు. లైబ్రరీ కుర్రాళ్ళు ఈలలేశారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మాధురి ఇంట గెలిచింది.

మొదటి తనిఖీకి వచ్చిన అధికారి విజయశ్రీ నవ్వడం మరిచిపోయిన మనిషిలా ఉంది. లైఫ్ జాకెట్ తొడుక్కుని, "పోనియ్యండి," అని కూర్చుంది. లారీ మీద సాగర్‌కి తిరిగొచ్చిన షబ్నం గట్టు విడిచి హుందాగా కదిలింది. నిమజ్జనాలు అయిపోయిన రోజులు. సగం దూరం పోగానే ముల్లు లేచింది, గంట మోగింది, ఆవిరి కమ్మింది. మాధురి ఇంజను ఆపేసింది. నీళ్ళు వడకట్టే జల్లెడ విప్పితే లోపల గుర్రపుడెక్క వేళ్ళు, పూలదండల దారాలు, ఎర్ర గుడ్డ పీలిక, షాంపూ పాకెట్లు.

చూశారా సంబడం! సాగర్ పక్కనే పుట్టి పెరిగి, ఆ గట్టు మీద ముక్కు మూసుకుని వేలసార్లు తిరిగిన మనుషులు, అందులో ఏముంటుందో మరిచిపోయి తాగే నీళ్ళతో పరీక్ష పెట్టారు. ఇది హైదరాబాద్ వాళ్ళే చేయగల పొరపాటు. మనకి సాగర్ చూసేదే గానీ ముట్టుకునేది కాదు.

వేరే బోటు తాడు కట్టి షబ్నంని ఈడ్చుకొచ్చింది. గట్టు మీద జనం ఫోన్లలో వీడియోలు తీశారు. 'పెండ్లి జనరేటర్ పడవ' అని ఆ వీడియో ఫణీంద్ర క్లాసుదాకా పోయింది. మాధురికి ఆ నవ్వులు తగల్లేదు, తన బుద్ధి మీద తనకే ఒళ్ళు మండింది. ఇంకొక్క అవకాశం మిగిలింది. ఆ తర్వాత గ్యాస్ కట్టరే.

"పెద్ద జల్లెడ పెడదామక్కా. కాదంటే రెండు," అన్నాడు ఈదయ్య.

"ఎన్ని పెట్టినా ఇదే కత. జర లేటుగ నిండుతయి, అంతే," అన్నది మాధురి. ఆమెకి తిండి సయించలేదు.

అట్లా పరేషాన్‌గా ఉన్న మధ్యాహ్నమే చిక్కడపల్లిలో ఒక పెళ్ళికి జనరేటర్ పెట్టాల్సొచ్చింది. ఎప్పటిలాగే వంటల పక్కన జాగా. అక్కడ వంటల బాలనాగమ్మ పెరుగు తోడు పెట్టడానికి కాగిన పాల గుండిగని నీళ్ళ తొట్లో దింపి చల్లారబెడుతోంది. తొట్టి నీళ్ళు చూస్తే బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, ఒక కరివేపాకు రెమ్మ కూడా తేలుతోంది. పెళ్ళివారి ఆడపడుచు చూసి ముక్కు చిట్లించింది.

"గంత మురికి నీళ్ళలనా?"

"నీళ్ళు పాలల్ల పోస్తున్ననా అమ్మా? గిన్నె బయటనే ఉన్నయి గద," అన్నది బాలనాగమ్మ.

మాధురి చేతిలో స్పానరు అట్లాగే ఆగిపోయింది. సాగర్ లోపలికి రావాల్సిన పని లేదు! వేడి బయటికి పోతే చాలు. ఎన్నిసార్లు చదివిన పాఠమది, పరీక్ష పేపర్లో కూడా రాసింది. సముద్రం వాళ్ళు చేశారు కదాని గుడ్డిగా వాళ్ళ దారిలో పోయింది గానీ, తన చెరువు ఎట్లాంటిదో ఆలోచించలేదు. ఆ రోజు పెళ్ళివారు మాధురి మొహం చూసి ఆమె కూడా వాళ్ళ బంధువే అనుకుని ఉంటారు, అంత వెలిగిపోయింది.

మళ్ళీ క్రేను, మళ్ళీ గట్టు. షబ్నం పొట్ట కింద వెన్నుకి రెండు పక్కలా ఈదయ్య పొడుగాటి ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేశాడు. ఇంజనులో తిరిగే శుభ్రమైన నీళ్ళు ఆ గొట్టాల్లోకి దిగి, చుట్టూ ఉన్న సాగర్ చల్లదనానికి చల్లబడి, తిరిగి పైకి వస్తాయి. సాగర్ నీళ్ళు పీల్చే కన్నాన్ని శాశ్వతంగా మూసేశారు. పొగ గొట్టాన్ని మాధురి జనరేటర్లకి పెట్టినట్టే తాపడం చుట్టి పైకి లేపింది, ఆ విద్యలో ఆమెని మించిన వాళ్ళు ఊళ్ళో లేరు. ఫణీంద్ర క్లాసులవగానే వచ్చి, ఒడ్డున నిలబడే టార్చి పట్టాడు.

"కింద గన్ని గొట్టాలుంటే వేగం తగ్గదా?" అన్నాడు.

"తగ్గితే తగ్గనీ. మనం రేసులకు పోతున్నమా?"

రెండో తనిఖీ రోజు పొద్దున్నే గట్టు నిండా జనం. సగం మంది నవ్వడానికే వచ్చారు, దాచుకోవడం కూడా లేదు. విజయశ్రీ తన మనుషుల్ని ఎక్కించుకుని కూర్చుంటూ చెయ్యి చాపి చూపించింది.

"శుభ్రంగున్న దిక్కు వద్దు. మొన్న ఆగిన జాగాల నుంచే పోదాం."

ఆ పక్కన గుర్రపుడెక్క పచ్చటి తివాచీలా పరుచుకుని ఉంది. అయినా మాధురి అటే చక్రం తిప్పింది. షబ్నం ముక్కు పచ్చదనాన్ని చీల్చుకుంటూ పోయింది. ముల్లు కదల్లేదు. ఇంకొంచెం పోయింది, కదల్లేదు. అంతలో పడవ బరువెక్కింది. ఇంజను మూలుగుతున్నట్టు గొంతు మారింది, ముల్లు సన్నగా పైకి జరిగింది. నీళ్ళంటే భయమున్నా ధైర్యం చేసి ఎక్కిన ఫణీంద్ర కళ్ళు మూసుకున్నాడు. పడవని తోసే వెనక పంకా రెక్కలకి గుర్రపుడెక్క తీగలు చుట్టుకున్నాయని మాధురి చెవి పట్టేసింది. గేరు తీసింది, ఒక్క క్షణం పంకాని వెనక్కి తిప్పింది. వెనకాల నుంచి ఆకులు కట్టలు కట్టలుగా విడిపోయి తేలాయి. మళ్ళీ ముందుకి వేసింది. ఇంజను గొంతు తేలికపడింది, ముల్లు దిగివచ్చి తన గీత దగ్గర బుద్ధిగా నిలబడింది.

ఇక షబ్నం ఆగలేదు. బుద్ధుడి విగ్రహం చుట్టూ తిరిగి, రెట్టించిన హుషారుతో అదే పచ్చదనంలోంచి వెనక్కి వచ్చింది. నవ్విన నాప చేనే పండుతుందంటారు. గట్టు మీద నవ్వడానికొచ్చిన వాళ్ళే చప్పట్లు కొట్టారు, ఈదయ్య టవలు గాల్లో తిప్పుతూ ఎగిరాడు, మాసమ్మ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"పాస్," అన్నది విజయశ్రీ. పడవ గట్టుకి ఆనుకుంది. కానీ ఎవరూ దిగలేదు. మాధురి వెనక్కి తిరిగి చూస్తే అందరూ అద్దం మూత చుట్టూ వంగి ఉన్నారు. తెల్లటి గదిలో, లైట్ల వెలుగులో, చుక్క నూనె లేకుండా ఇంజను తన పని తాను చేసుకుంటోంది. విజయశ్రీ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ అద్దానికి ఆనించి చూస్తోంది.

"ఏ కంపెనీ బిగించింది మేడం దీన్ని?"

"కంపెనీ కాదు," అన్నది మాధురి. "నేనే."

విజయశ్రీ అద్దం మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఎంత ముద్దుగ నడుస్తున్నది," అన్నది. పక్కవాళ్ళని కొంచెం జరగమని, అక్కడే నేల మీద సర్దుకుని కూర్చుంది.

"ఇంకో రౌండు పోదాం. ఇది తనిఖీ కాదు. ఉత్తగనే."

మాధురి కళ్ళు తుడుచుకోలేదు, సంతోషంగా ఏడుస్తూనే గేరు వేసింది.