గాలిలో ఆగిన గేర్ బాక్సు

అత్తకి ఏ వస్తువునీ కింద పెట్టే అలవాటు లేదు. సగం తాగిన నీళ్లగ్లాసుని గాలిలో పెట్టేస్తుంది, కళ్లజోడు తీసి గాలిలో పెట్టేస్తుంది. మళ్లీ తనే చెయ్యి వేసి తీసేదాకా అవి అక్కడే ఉంటాయి. ఇంటికొచ్చిన వాళ్లందరి నెత్తి మీదా బొప్పి కట్టించిన ఘనత ఆవిడది. కోడలు కాపరానికొచ్చిన కొత్తలోనే తల వంచుకు నడవడం నేర్చుకుంది. చూసినవాళ్లు, ఎంత అణకువో అని తెగ మెచ్చుకున్నారు.

కోడలు నర్సు. ఆస్పత్రి తరఫున ఇళ్లకి వెళ్లి రోగుల్ని చూసుకునే ఉద్యోగం ఎన్నాళ్లకో వచ్చింది. సోమవారం సొంత బండితో రావాలి, లేదంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఉన్న చిన్న కారుకి క్లచ్ అరిగిపోయింది. ఇంజను అరుస్తుంది, బండి మాత్రం ముందుకి పోదు. మెకానిక్‌ని అడిగితే, షెడ్డులో ఖాళీ లేదమ్మా, వచ్చే వారం చూద్దాం అన్నాడు.

"అయితే మనమే మార్చేద్దాం," అంది కోడలు. వీడియోలు చూసి చూసి అప్పటికే కళ్లు ఎర్రబడ్డాయి. అత్తని కూర్చోబెట్టి వరసంతా చెప్పింది: ముందు బ్యాటరీ వైరు తియ్యాలి, గేర్ ఆయిలు దించాలి, చక్రాలకి వెళ్లే రాడ్లు లాగాలి, ఇంజను కింద జాకీ ఆనించి కారు ముందు భాగం పైకి లేపాలి, అప్పుడు గేర్ బాక్సు విప్పాలి.

"అంత బరువు ఎవరు పట్టుకుంటారే?"

"మీరే. చెయ్యి ఆనిస్తే చాలదూ, అత్తయ్యా?"

"ఇన్నాళ్లకి నా అలవాటు గురించి ఒక మంచి మాట విన్నాను," అంటూ అత్త మురిసిపోయింది.

ఆదివారం పనిలోకి దిగారు. ఆఖరి బోల్టు ఊడగానే అత్త అరచెయ్యి ఆనించింది. గేర్ బాక్సు బుద్ధిగా గాలిలో ఆగింది. కోడలు పాత క్లచ్ ప్లేటు తీసి, కొత్తది ఏ వైపు తిప్పాలో ఒకటికి రెండుసార్లు చూసుకుని, నడిమధ్యకి కుదిర్చి బిగించింది. అత్త గేర్ బాక్సుని వేళ్లతో నెట్టుకుంటూ తెచ్చి చోట్లో పెట్టింది. బోల్టులన్నీ పడ్డాయి, రాడ్లూ వైర్లూ ఎక్కాయి. జాకీ తీసేసి కోడలు స్టార్ట్ చేసింది.

గేరు పడింది. బండి అంగుళం కదల్లేదు.

"అంతా బూడిదలో పోసిన పన్నీరే అత్తయ్యా! ఉద్యోగం పోయింది!" కోడలు స్టీరింగు మీద వాలిపోయి భోరుమంది.

"ఏడుపాపి ఇటు చూడవే. ముందు చక్రాలు గాలిలో గిరగిరా తిరుగుతున్నాయి!"

అత్త వంగి చూసి నాలుక్కరుచుకుంది. గేర్ బాక్సుని గాలిలో పెట్టింది గానీ, మళ్లీ తియ్యనే లేదు. కారు ముందు భాగమంతా దాన్ని పట్టుకుని వేలాడుతోంది.

"క్లచ్ పెడలు తొక్కు," అంది. చక్రాలు ఆగాయి. "వదులు." తిరిగాయి. "క్లచ్ భేషుగ్గా ఉందే పిచ్చిదానా!"

అటుగా పోతున్న మెకానిక్ ఆగి, "ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి దించండమ్మా," అని చెప్పి వెళ్లిపోయాడు. కోడలు అలాగే చేశాక అత్త పక్కనుంచి చెయ్యి చాపి, గాలిలోంచి తీస్తున్నట్టు గేర్ బాక్సుని పట్టుకుంది. కారు దభీమని నేల మీద వాలింది.

సోమవారం ఆస్పత్రి పెద్ద నర్సు పక్క సీట్లో కూర్చుని, పరీక్షించడానికి, గుట్ట మీదున్న ఎగువ పేటకి ఎక్కే దారి సగంలో బండి ఆపించింది. అక్కడ పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లకీ చెమటలు పడతాయి. కోడలు క్లచ్ మెల్లగా వదిలింది. కారు వెనక్కి ఒక్క జానెడు జారకుండా ఝామ్మని ఎక్కేసింది.

పైకి చేరగానే ఇంటికి ఫోను చేసింది. "అత్తయ్యా, ఎగువ పేట రోగులందర్నీ మనకే ఇచ్చారు!"

"ఇవ్వక చస్తారా!" అని అత్త వీధి వీధంతా వినబడేలా అరిచింది.