బ్లెస్సీ పాదాలు

బడి వదిలే వేళకి శాలిని కుట్టుమిషను ఆపి పాలు వెచ్చబెట్టేది. భవానీపురంలో వాళ్ళ సందులోకి పిల్లలంతా బ్యాగులు వేలాడేసుకుని వస్తుంటే, వాళ్ళ వెనకాలే కూతురు బ్లెస్సీ కూడా వచ్చేది. డెంగీ జ్వరంతో పోయాక, సమాధి చేసి వచ్చాక కూడా ఆ పిల్ల ఇంటికి రావడం మానలేదు. ఎదురింటి ఆమినాబీ బట్టలు ఆరేస్తూనే "ఏమ్మా, వచ్చావా?" అని పలకరించేది. బ్లెస్సీ తలూపి, పాలు తాగి, చీకటి పడేదాకా సందులో గెంతి వెళ్ళిపోయేది.

అంతవరకే అయితే బాగుండేది.

శాలిని భర్త పాల్ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. ఒకరోజు రేకు కోసుకుని చేతికి చీము పట్టింది. చెయ్యి తీసెయ్యాల్సి రావచ్చన్నాడు డాక్టరు. శాలిని చర్చికి వెళ్ళలేదు. కూతురి ముందు మోకరించి "నాన్న చెయ్యి నిలబెట్టమ్మా" అని ఏడ్చింది. వారం తిరిగేసరికి వాపు తగ్గిపోయింది.

ఆ సంగతి సందు దాటింది. పరీక్షలు రాసేవాళ్ళు, పిల్లల్లేనివాళ్ళు పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని రాసాగారు. శాలిని బ్లెస్సీని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, అందరికంటే ముందు తనే మొక్కేది.

"మనం మొక్కాల్సింది ఒక్కడికే కదా శాలినీ" అన్నాడు పాల్.

"ఆ ఒక్కడినే అడిగానుగా. పిల్ల జ్వరంలో ఉన్నప్పుడు ఆస్పత్రి నేల మీద పడి అడిగాను. ఇచ్చాడా?"

పాల్ బైబిలు తీసుకుని ఒక్కడే ఆరాధనకి వెళ్ళాడు.

ఓ సాయంత్రం ఎంత పిలిచినా బ్లెస్సీ కుర్చీలోంచి లేవలేదు. శాలిని వంగి చూసింది. పిల్ల పాదాలు నల్లరాయి అయిపోయి ఉన్నాయి. మోకాళ్ళ దాకా చల్లగా ఉంది.

"ఎప్పట్నించే ఇది?"

"అందరూ దణ్ణం పెడుతుంటే పైకెక్కుతోందమ్మా. నువ్వు పెడితే ఇంకా తొందరగా."

"మరి చెప్పవేం?"

"ఏడుస్తావని." బ్లెస్సీ ఒళ్ళోని పూలు పక్కకి నెట్టింది. "నాన్న చెయ్యి నేను బాగుచెయ్యలేదమ్మా. నాకు చేతకాదు. అందరూ ఏవేవో అడుగుతున్నారు. భయమేస్తోంది."

శాలిని ఆ పాదాలని రెండు చేతులతో రుద్దింది. గోరువెచ్చని నీళ్ళు పోసింది. రాయి రాయిలాగే ఉంది. ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. మొక్కులు ఆపితే ఇక పిల్లని పట్టి ఉంచేది ఏదీ ఉండదనీ, అది మళ్ళీ రాదనీ తెలుసు.

వాకిట్లో నిలబడ్డవాళ్ళని వెళ్ళిపొమ్మంది. "ఇక్కడ దేవుడెవరూ లేరండీ. నా కూతురుంది, అంతే."

లోపలికొచ్చి, పిల్లకి వీపు తిప్పి, గోడవైపు మోకరించింది.

"నీ మీద కోపం తీరలేదు ప్రభువా" అంది. "అయినా దేవుడివి నువ్వే. ఇది ఒట్టి పసిపిల్ల. దీన్ని ఇంకేమీ అడగను."

వెనకాల కుర్చీ కిర్రుమంది. చిన్న పాదాలు నేలని తాకాయి.

"అమ్మా" అంది బ్లెస్సీ.

శాలిని తిరగలేదు. తిరిగితే మళ్ళీ ఆ పాదాల మీదే పడిపోతుంది. వీపుకి ఓ చెంప ఆనింది, వెచ్చగా. ఆ తర్వాత పరుగు. వరండా దాటి, సందు దాటి, కృష్ణానది ఒడ్డు వైపు. ఆ చప్పుడు పూర్తిగా అణిగిపోయేదాకా శాలిని నుదురు నేలకి ఆనించే ఉంది.