మధ్యాహ్నానికే మొలిచే గడ్డం

పొద్దున్నే సెలూన్ తలుపు తీసి బ్రష్షును వేడినీళ్లలో నానబెట్టడం కూతురి పని. నానని బ్రష్షు నురుగును తనే మింగేస్తుంది. అది నానాక తండ్రి అద్దం ముందు నిలబడి తన గడ్డం తనే గీసుకునేవాడు. మంగలి చెంపే కొట్టుకు బోర్డు అనేవాడు.

ఆ బోర్డు మీద ఈమధ్య పది గంటలకల్లా గరుకు, మధ్యాహ్నానికి ముళ్లకంప. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు తనవైపు చూసినా చెంప తడుముకుంటున్నాడు.

"కొత్త సబ్బు ఒట్టి దండగ. నురుగు నిలవట్లేదు," అన్నాడు మొహం తిప్పుకుని.

కడుపులో అబద్ధం దాచుకున్నవాడి గడ్డం గీసిన కాసేపటికే మళ్లీ మొలుస్తుందని ఆ వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. దానికెవరూ నోరు వెళ్లబెట్టరు. పెళ్లాం దగ్గర మాట దాచినవాళ్లు రోజుకు రెండుసార్లు వచ్చి కూర్చోబట్టే ఆ కొట్టు నడుస్తోంది.

కన్నతండ్రిని అనుమానించడానికి ఆమెకు మనసొప్పలేదు. ముందు సబ్బును అనుమానించింది. పాత సబ్బు వెతికి, చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ, గిన్నె బోర్లించినా జారనంత చిక్కటి నురుగు తీసింది. అయినా గడ్డం మొలిచింది. తర్వాత కత్తిని అనుమానించింది. తోలుపట్టీ మీద అటూ ఇటూ లాగి, వెంట్రుక ఆనితే తెగేంత పదును పెట్టింది. మళ్లీ మొలిచింది. ఇక మిగిలింది చెయ్యి.

"ఇవాళ నేను గీస్తా నాన్నా. నీకు చెయ్యి కుదరట్లేదు."

"నా చేతికేం రోగం? ఎన్ని గొంతుల మీద ఆడిన చెయ్యి ఇది!"

"అయితే కూర్చోడానికి భయమెందుకు?"

ఆ మాటకు కూర్చోక తప్పలేదు. వెంట్రుక మెత్తబడాలని వేడి తువ్వాలు చుట్టింది. చర్మం వేలితో లాగిపట్టి, కత్తి బరువే కత్తిని దించేలా, వెంట్రుక వాలు వెంట గీసింది. చెంప నున్నగా వచ్చింది. మళ్లీ నురుగు రాసి, ఎదురువాలుకు గీస్తూ అసలు సంగతి తీసింది.

వాచీలు బాగుచేసే అతనూ తనూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. తండ్రితో మాట్లాడి వెళ్లినవాడు మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు. అతనికి వేరే సంబంధం కుదిరిందట అని తండ్రే చెప్పాడు. ఆమె నమ్మింది, ఏడ్చింది, అభిమానం కొద్దీ అతని కొట్టు వైపే వెళ్లలేదు.

"అతను నిజంగా అలా అన్నాడా నాన్నా?"

"అన్నాడమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?"

కత్తి కింద కరకరమంది. గీసిన చోటే, ఆమె కళ్లముందే, నురుగును పొడుచుకుని ముళ్లు లేచాయి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కత్తి మడిచి పక్కన పెట్టింది.

"సబ్బు మంచిదే. కత్తి మంచిదే. చెయ్యీ మంచిదే. ఇప్పుడు చెప్పు నాన్నా."

తండ్రి అద్దంలోకి చూడలేకపోయాడు. "నువ్వే వద్దన్నావని చెప్పి పంపేశానే. నువ్వూ వెళ్లిపోతే ఈ కొట్టులో నాతో మాట్లాడే దిక్కెవరు?"

ముళ్లు లేచినంత మేర లేచి, అక్కడే ఆగిపోయాయి.

ఆమెకు జాలేసింది కానీ కోపం తగ్గలేదు. సగం గీసిన మొహంతో ఆయన్ని అక్కడే వదిలేసి, వాచీల కొట్టుకు ఒక్క పరుగున వెళ్లింది.

బల్ల మీద వంగిన మనిషిని మొదట పోల్చుకోలేకపోయింది. గడ్డం గుండెలు దాటి ఒళ్లోకి దిగి, విప్పదీసిన వాచీ పళ్లచక్రాల్లో చిక్కుకుపోయి ఉంది.

ఇతన్నీ నమ్మాలనిపించలేదు ఆమెకు. "ఎవరితో ఏం అబద్ధం చెబుతున్నావు?" అని గుమ్మంలోంచే నిలదీసింది.

"అందరితోనూ," అన్నాడతను తలెత్తకుండానే. "నిన్ను మర్చిపోయానని."

ఆమె లోపలికొచ్చి, చక్రాల్లోంచి ఒక్కో వెంట్రుకా విడదీసింది.

"వద్దన్నది నేను కాదు. లే, పద. నీళ్లింకా వేడిగానే ఉన్నాయి. గీసేది మా నాన్నే."