రెండుంబావు

"కాలవలకి నీళ్లు వదిలారు" అని భర్త వెంకటసుబ్బారావు కాఫీ తాగుతూ చెప్పగానే, మజ్జిగ చిలుకుతున్న ఛాయాదేవి చేతిలో కవ్వం ఆగిపోయింది. పటమటలో అందరికీ అది మంచి కబురే. ఆమెకి మాత్రం కాదు. నాలుగేళ్లుగా ఈ రోజుల్లోనే వస్తోంది ఆ నొప్పి. వస్తే ఆరేడు వారాలు వదలదు. రోజూ మధ్యాహ్నం రెండుంబావుకి కుడికన్ను వెనక మొదలవుతుంది. కాలిన చువ్వ కంట్లో దింపి తిప్పుతున్నట్టుంటుంది. పడుకోలేదు, కూర్చోలేదు, ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూనే ఉండాలి. కుడికంట్లోంచే నీళ్లు కారతాయి. గంటకి, ఎలా వచ్చిందో అలాగే పోతుంది.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. మొదటి ఏడు బోర్డు ముందు కూర్చుని ఒక కన్ను తుడుచుకుంటుంటే, "ఏమ్మా, ఇంట్లో గొడవలు ఇంట్లోనే వదిలి రావాలి" అని సూపర్‌వైజరు నలుగురిలో అన్నాడు. రెండో ఏడు, ఇది పంటి నొప్పేనని పళ్ల డాక్టరు రెండు మంచి పళ్లు పీకేశాడు. మూడో ఏడు అత్తగారు సుబ్బరత్నం దిష్టి తీయించింది. భర్తది ఏ ఏడైనా ఒకటే మాట. "తలనొప్పి ఎవరికి రాదు? మా అమ్మ తలకి గుడ్డ కట్టుకుని ఇంటెడు చాకిరీ చేసేది." రెండుంబావుకి ఆయన ఆఫీసులో ఉంటాడు. సెలవురోజుల్లో భోంచేసి పేకాటకి వెళతాడు. తిరిగొచ్చేసరికి ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. నిలబడి వంట చేస్తున్న మనిషికి జబ్బుందని ఎవరనుకుంటారు?

పోయినేడు, పక్కబోర్డులో పనిచేసే మార్త ఆమెని గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన అన్నీ విని, "ఇది మామూలు తలనొప్పి కాదమ్మా. క్లస్టర్ తలనొప్పి అంటారు. కొన్ని వారాలు గుంపుగా వచ్చి పోతుంది" అన్నాడు. తన నొప్పికి ఒక పేరుందని తెలిసి ఛాయాదేవి ఏడ్చింది, రెండు కళ్లతోనూ. ఎర్గొటమిన్ మాత్రలు రాశాడు. నొప్పి వేళకి గంట ముందు ఒకటి. "ఆ రోజుకి రెండోది మింగొద్దు. వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కితే ఆపేసి వెంటనే రండి. ఇవి వాడుతుండగా కడుపు రాకూడదు. ఇంట్లో చెప్పండి."

చెప్పింది. "చూద్దాంలే" అన్నాడు భర్త.

దాంతో భయం రెండింతలైంది. ఒంటిగంటంబావుకి మాత్ర మింగి, వేళ్లు నలుపుకుంటూ చూసుకునేది. చల్లగా ఉన్నాయా? నా భయమేనా? నెల తేదీ ఒక్కరోజు దాటితే క్యాలెండరు ముందు నిలబడి మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకునేది. ఆయన దగ్గరికొచ్చినప్పుడు వద్దనడానికి నోరు పెగిలేది కాదు. వద్దనొచ్చని ఆమెకి ఎవరు చెప్పారు గనక?

అయినా మాత్ర పనిచేసింది. ఈసారి కాలవలకి నీళ్లొచ్చాక తొమ్మిది రోజులు రెండుంబావు అందరికీ వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయింది. పదో రోజు ఆదివారం. భోజనాలయ్యాక అల్మరా తీస్తే మాత్రలు లేవు.

"నేనే తీశా" అంది సుబ్బరత్నం. "హనుమయ్యకి చూపించా. ఇరవయ్యేళ్లు కాంపౌండరుగా చేసినవాడు. కడుపు నిలవనీయని మందుల జాతిట ఇవి. పాపకి ఆరేళ్లొచ్చాయి, రెండోది ఎందుకు రావట్లేదో ఇప్పుడు తెలిసింది. కాలవలో పారేయించా."

"అవి తలనొప్పికి, అత్తయ్యా! ఏవండీ, డాక్టరు చెప్పమన్న మాట మీకు చెప్పానా లేదా?"

ఆ పూట పేకాట లేక ఇంట్లోనే ఉన్న ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "కడుపు రాకూడదన్నావు. ఇదా సంగతి? ఇన్నాళ్లూ మోసం చేశావన్నమాట."

ఆ మాత్రలు అమ్మే షాపు ఆదివారం తీయరు. గడియారంలో ఒంటిగంటా ఇరవై. పాపని పక్కింటికి పంపేసింది. నొప్పికంటే ఈ గంట ఘోరం. వస్తుందని తెలిసి, తప్పుకునే దారిలేక కూర్చోవడం. గిన్నెలు తోమింది. తోమినవే మళ్లీ తోమింది.

రెండుంబావుకి వచ్చింది. ఆమె గోడకేసి తల కొట్టుకుంటుంటే వెంకటసుబ్బారావు పేపరు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పట్టుకోబోతే తోసేసింది. కుడిరెప్ప వాలిపోయింది, మొహం చెమటతో తడిసిపోయింది. "అమ్మా, ఇలా రావే!" అని అరిచాడు. సుబ్బరత్నం గుమ్మందాకా వచ్చి, చూసి, దేవుడి గదిలోకి వెళ్లిపోయింది.

మూడుంబావుకి తగ్గింది. నేలమీద కూలబడిన ఆమెకి ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

"రోజూ ఇలాగే వస్తుందా?"

"మాత్ర లేకపోతే రోజూనే."

ఆయన ఖాళీ గ్లాసు అందుకున్నాడు. ఛాయాదేవి ఎదురుచూసింది. చూడలేదు గనక నమ్మలేదని, చూస్తే నమ్ముతాడని నాలుగేళ్లుగా అనుకుంటోంది.

"బయటెవరికీ తెలియనీయకు. పిచ్చనుకుంటారు" అన్నాడు చివరికి. "ఇంకో బిడ్డ పుడితే ఇవన్నీ సర్దుకుంటాయంటోంది అమ్మ. ఈ ఏడాదికి మాత్రలు మానెయ్."

అప్పుడు వేసిన భయం ముందు రెండుంబావు ఏపాటిది? ఈయన చూశాడు. చూసి, ఈ మాట అన్నాడు. ఈ విడతలో మిగిలిన వారాలు, ఆపైన కడుపుతో తొమ్మిది నెలలు, మాత్ర లేకుండా. ఈలోపు కాలవలకి మళ్లీ నీళ్లొస్తే?

సోమవారం ఉదయం ఆఫీసుకని మామూలు వేళకే బయల్దేరింది. షాపులో చీటీ చూపించి మాత్రలు కొంది. ఆఫీసులో సగం మార్తకిచ్చి, పెట్టెలో దాచమంది. మార్త తాళంచెవి రెండోది తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ పూటకి సెలవు చీటీ రాసిచ్చి, ఛాయాదేవి ఆడాళ్ల ఆసుపత్రికి నడిచింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది కూడా.

"కడుపు రాకుండా లూప్ వేయించుకోవాలి, డాక్టరుగారూ."

డాక్టరమ్మ మాత్రల సంగతి అడిగింది, తేదీలు అడిగింది, రాసుకుంది. కలం ఆపి, "మీవాళ్లకి తెలుసా?" అంది.

"మావాళ్లంతా నేను పిల్లలు పుట్టకుండా చేసుకుంటున్నాననే అంటున్నారండీ" అంది ఛాయాదేవి. "వాళ్లకి ఎప్పుడో తెలుసు. నాకే ఇవాళ తెలిసింది."