రగ్గు కప్పుకున్న లాప్‌టాప్

హేమలత ఆ లాప్‌టాప్‌ని కన్నబిడ్డలా చూసుకుంది. దాని కొంప ముంచింది ఆ ప్రేమే.

విశాఖపట్నం ఆఫీసులో ముగ్గురు వాడి వాడి వదిలేస్తే, అరకు కొండమీద ఆమె పాఠాలు చెప్పే బడికి చేరిన ముసలి సరుకు అది. ఇచ్చినాయన "మీ దగ్గర చలీ మంచూ ఎక్కువ, జాగ్రత్తమ్మా" అన్నాడు. రెండువేల ఎనిమిది డిసెంబరు చలికి మనుషులే పొయ్యి వదలడం లేదు, ఈ ముసలిదేం తట్టుకుంటుందని హేమలత దాని కింద మందపాటి రగ్గు పరిచి, మిగతా సగం చుట్టూ కప్పింది. తెరా, మీటలూ తప్ప ఏమీ కనపడేవి కాదు. అయినా అది పావుగంటకోసారి గుడ్లు తేలేసేది. తెర నల్లబడి, దానంతటదే మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేది.

కొండ పిల్లల కోసం పన్నెండు కథల పుస్తకం వేయిస్తోంది హేమలత. రేపటి రైలుకి విశాఖపట్నం వెళ్ళే, ఊళ్ళో కొట్టు నడిపే సూర్యనారాయణ పెన్‌డ్రైవ్ ప్రెస్సులో ఇచ్చేస్తాడు. పదకొండు కథలు అయ్యాయి. పన్నెండోది మేనత్త అప్పలనర్సమ్మది, చోడిచేనుకి, అంటే రాగిచేనుకి, ఎలుగుబంటి కాపలా కాసిన కథ. చిన్నప్పుడు ఆ కథ వింటేగాని హేమలత అన్నం తినేది కాదు. అది లేని పుస్తకం ఆమెకి పుస్తకమే కాదు. మిగతావన్నీ ముందు కాగితం మీద రాసుకుంది. దీనికి వ్యవధి లేక, అత్తని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేరుగా మీటలు నొక్కేస్తోంది. నిదానమే ప్రధానమని పిల్లలకి చెప్పేదీ తనే మరి.

మొదటిసారి చెప్పినప్పుడు ఎలుగుబంటి ఒంటరిది. సగంలో తెర నల్లబడింది. కథలో పడి హేమలత సేవ్ చేయడమే మరిచిపోయింది. రెండోసారికి ఎలుగుబంటికి పెళ్ళాం వచ్చింది. మళ్ళీ అదే గతి. మూడోసారికి ఆ పెళ్ళాం తల్లి కూడా మూటతో అల్లుడింటికి దిగింది.

"ఇందాక అత్తగారు లేదు గదా అత్తా!"

"అప్పుడికింకా దారిలో ఉందే గుంటా," అంది అప్పలనర్సమ్మ తొణక్కుండా.

అంతలో తెర మళ్ళీ నల్లబడింది. హేమలతకి ఏడుపొక్కటే తక్కువ. "నా వల్ల కాదు. పదకొండు కథలే పంపేస్తాను," అంది.

అప్పలనర్సమ్మ మొహం చిన్నబోయింది. దగ్గరికొచ్చి, దానికేమైందో చూద్దామని రగ్గులోకి చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మో! ఒళ్ళు కాలిపోతంది గదే దీనికి! జొరమొచ్చినోళ్ళకి రగ్గు కప్పుతారేటి ఎవులైనా? తియ్యి, బేగి తియ్యి!"

హేమలత ఆపేసి, వైరు పీకి, రగ్గు తీసి తిరగేసింది. గాలి పోవలసిన కంతల నిండా రగ్గు నూగూ దుమ్మూ. ముసలామె పొయ్యి ఊదే గొట్టం తెచ్చి, బూడిద దులిపి, బుగ్గలు పూరించి ఊదింది. నూగు ముద్దలుగా బయటపడింది. తర్వాత మూడు చదునైన రాళ్ళు తుడిచి పెట్టి, వాటిమీద లాప్‌టాప్‌ని కూర్చోబెట్టింది.

"కింద గాలాడాల. పొయ్యికైనా అంతే."

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఎలుగుబంటి సకుటుంబంగా కథ చివరికి చేరింది. హేమలత ఈసారి మరిచిపోకుండా సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది.

"ఐపోయిందత్తా! నీ కథ పుస్తకంలోకి వెళ్ళిపోయింది!"

అప్పలనర్సమ్మ నవ్వింది గాని, లేవలేదు.

"మరింక ఆగిపోదేటి అది?"

"ఆగదు. నువ్వే గదా బాగుచేశావు."

"టీవీ వచ్చిన కాడి నుంచీ నన్ను కథ అడిగినోళ్ళు లేరే," అంది ముసలామె కొంగు సర్దుకుంటూ. "ఇయ్యాల నువ్వు నాలుగుసార్లు సెప్పించుకున్నావు. బాగుంది నాకు."

హేమలతకి సిగ్గేసింది. పుస్తకం పనే లేకపోతే తనైనా వచ్చి అడిగేదా? తెరవైపు చూసింది. నిక్షేపంగా వెలుగుతోంది.

"అయ్యో, మళ్ళీ ఆగిపోయిందత్తా," అంది. "మొదటినుంచీ చెప్పాలి."

అప్పలనర్సమ్మ చెయ్యి చాచి లాప్‌టాప్ ఒంటిని తడిమి చూసింది. చల్లగా ఉంది. మేనకోడలి మొహంలోకి చూసింది.

"పాడు మిషను," అని తిట్టి, హాయిగా గోడకి ఆనుకుని మొదలుపెట్టింది. ఈసారి ఎలుగుబంటికి ఒక మేనకోడలు కూడా ఉంది.