నూకాలమ్మ లంగరు

నేను ఒక లంగరును. పదహారు కిలోల ఇనుమును. గ్రీసు దేశంలో ఓ రేవు పక్క కార్ఖానాలో పుట్టాను. నేలలోకి దిగి పడవను పట్టుకోవడం ఒక్కటే నాకు వచ్చిన పని. ఎక్కడ దిగాలో చెప్పేది మాత్రం మనుషులు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, నాకు మొదటినుంచీ నచ్చలేదు.

నా మొదటి యజమాని ఏథెన్సులో పళ్ళ డాక్టరు. తెరచాప పడవ కొని ఆరేళ్ళు రేవులోనే కట్టి ఉంచాడు. ఆదివారాలు వచ్చి, నన్ను గుడ్డతో తుడిచి, పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్ళేవాడు.

తర్వాత భానోజీ కొన్నాడు. భీమిలి మనిషి. ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజను గదిలో పనిచేసి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఆ పడవ కొని, దానిమీద తెలుగులో నూకాలమ్మ అని రాయించాడు. పెళ్ళి లేదు, వేరే ఇల్లు లేదు. బట్టలు, కాగితాలు, తల్లి ఫొటో అన్నీ అందులోనే. ఇంజను కాస్త దగ్గితే చెవితో పట్టేసేవాడు. లంగరు సంగతి మాత్రం తెలియదు. ఇంజను గదిలో ఉన్నవాడికి లంగరు చప్పుడు వినిపిస్తుంది గానీ కనిపించదు కదా.

రెండేళ్ళ కిందట వేసవిలో అతని పాత ఓడ స్నేహితులిద్దరు వచ్చారు. ఒకడు వంటవాడు ఖాసిం, రెండోవాడు ఓడ పైభాగంలో తాళ్ళూ లంగర్లూ చూసుకున్న పైడిరాజు. వారం రోజులు క్రీట్ ద్వీపం చుట్టూ తిరిగాం. ఖాసిం గ్రీకు చేపలతో చింతపండు పులుసు పెట్టాడు. నా బతుకులో మంచి రోజులు అవే.

దక్షిణ తీరంలో ఒక చిన్న వంపులో నన్ను వదిలారు. అడుగున ఇసుక లేదు, దట్టంగా సముద్రపు గడ్డి. నా ముల్లుకు నేల అందలేదు. గాలి లేదు గనక పడవ బుద్ధిగా నిలబడింది. ముందురోజు పరిచయమైన మేకల కాపరి ఒకడు కొండమీది తన ఊరికి ముగ్గురినీ భోజనానికి పిలిచాడు.

బయలుదేరే ముందు పైడిరాజు నా గొలుసు మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి తెలిసిపోయింది.

"మీరెల్లి రండ్రా, నేనుండిపోతాను," అన్నాడు.

"నిన్నిక్కడొదిలేసి తింటే మాకు ముద్ద దిగుద్దేటి?" అన్నాడు ఖాసిం.

భానోజీ ముఖం చిన్నబోయింది. "నా పడవ మీద నమ్మకం లేదేటిరా?"

అంతే, పైడిరాజు చెప్పులేసుకున్నాడు. లంగరు సరిగా పట్టలేదంటే స్నేహితుడు నొచ్చుకుంటాడని మొహమాటం. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు ముగ్గురూ వెళ్ళిపోయారు. నోరుంటే అరిచేదాన్ని.

మధ్యాహ్నం కొండల మధ్యనుంచి గాలి దిగింది. గొలుసు బిగిసింది. గడ్డి కుచ్చులుగా ఊడి నా ముల్లుకు చుట్టుకుంది. నేను జారాను. కాసేపటికి లోతు పెరిగి, కింద నేలే లేకుండా నీళ్ళలో వేలాడాను. పైన భానోజీ ఇల్లు ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది. భయపడటం తప్ప ఏం చేయగలను?

అదే సమయంలో వాళ్ళు కొండమీద భోజనానికి కూర్చున్నారట. దూరంగా కదులుతున్న తెల్లపడవను చూసి ఎవరిదో గానీ ఎంత బాగుందో అన్నాడట ఖాసిం. భానోజీ కూడా మెచ్చుకున్నాడట. తెరచాప ఎత్తకుండా ఎలా పోతోందని ఆలోచించింది పైడిరాజొక్కడే. ముద్ద వదిలి పరుగెత్తాడట. కొండ దిగడానికి గంట పడుతుంది.

వంపు బయట ఒక రాతిదిబ్బ ఉంది. నూకాలమ్మ దానికి తగిలింది. సరిగ్గా అప్పుడే నా ముల్లు రాతి పగులులో దిగింది. అంత గట్టిగా నేనెన్నడూ పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. నేను వదిలి ఉంటే గాలి పడవను పక్కకు తప్పించి బయటి సముద్రంలోకి తోసేది, ఎవరో ఒకరు లాక్కొచ్చేవారు. వదలడం నా చేతిలో లేదు. వచ్చిన ప్రతి అల పడవను తెచ్చి అదే రాతికి కొట్టింది. వాళ్ళు ఒడ్డుకు చేరేసరికి తెరచాప కొయ్య కొన ఒక్కటే కనిపిస్తోంది.

వారం తర్వాత జాలర్లు నన్ను పైకి తీశారు. ఒడ్డునున్న హోటలువాడు గుమ్మం ముందు పెట్టుకున్నాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాను, తెల్లరంగు పూసుకుని.

ఆ రంగు పూయకముందే, వాళ్ళు వెళ్ళిపోయే రోజు భానోజీ నా దగ్గరికి వచ్చాడు. వంగి రెండు చేతులా తాకి కళ్ళకద్దుకున్నాడు.

"ఆఖరిదాకా వదల్లేదురా ఇది," అన్నాడు.

పైడిరాజు నా వంగిన ముల్లునూ దానిమీది రాతి గీతలనూ చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఎక్కడ పట్టుకున్నానో అతనికి అర్థమైందని నాకు తెలిసింది.

"అవున్రా. మంచి లంగరు," అన్నాడు.

బస్సు వచ్చింది. భానోజీ ఖాళీ చేతులతో ఎక్కాడు.