జాబితాలో లేని తొమ్మిది మంది

ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష జాబితాలో తొమ్మిది పేర్లు లేవని జయంతి టీచరు కనిపెట్టేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. అసలు కాగితం అప్పటికే మండలాఫీసుకు వెళ్లిపోయింది, దిద్దుబాట్లకు గడువు అదే రోజు సాయంత్రం ఐదు.

ఆమె మళ్లీ లెక్కపెట్టింది. కార్బన్ కాపీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. ముప్పై రెండు. తన చేత్తో రాసి ఇచ్చినవి నలభై ఒకటి. కేతావత్ సోనా లేదు. ముడావత్ శంకర్ లేడు. పోయిన తొమ్మిదీ లంబాడీ పిల్లల పేర్లే. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంది: 'హాజరు చాలనందున తొమ్మిది మందిని చేర్చలేదు.' దాని కింద హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర.

గుండె గుభేలుమనాలి. ఆ ఓపిక కూడా లేకపోయింది. పొద్దున మూసాపేటలో బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి, దారి పొడుగునా నిలబడే వచ్చిన కాళ్లు. ఆఫీసు గదిలో ఉన్న ఒక్క ఖాళీ కుర్చీ లాక్కుని కూలబడింది.

1998 డిసెంబరు అది. కిటికీ అవతల మాదాపూర్ బండలు పేలుతూనే ఉన్నాయి. గుండ్రటి అద్దాల మేడ అప్పటికే లేచింది, దాని చుట్టూ ఇంకా బోలెడు లేస్తున్నాయి. వాటికి కంకర కలిపే వాళ్లు పాలమూరు తండాల నుంచి వచ్చారు. ఈ తొమ్మిది మందీ వాళ్ల పిల్లలు. పోయినేడాది జూన్‌లో బడిలో చేరినప్పుడు సోనా నోట ఒక్క తెలుగు ముక్క రాలేదు. "మూగపిల్లేమో" అన్నారు స్టాఫ్ రూములో. మూగపిల్ల కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, మధ్యలో దారి చూపించేవాళ్లు లేరు, అంతే.

జయంతి ఒక పద్ధతి పెట్టింది. "ముందు మీ మాటలో చెప్పు. తర్వాత తెలుగులో చెబుదాం." ఆ మాటలు తనకూ రావాలి గనక సాయంత్రాలు గుడిసెల దగ్గర కూర్చుని సోనా తల్లి జీరీ దగ్గర ఒక్కొక్కటే నేర్చుకుంది. నలభై ఆరేళ్ల వయసులో, కాకినాడ నాలుకతో. గుడిసెల్లో ఆడవాళ్లు కడుపుబ్బ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ పిల్లల్ని మాత్రం ఒక్క రోజు మాన్పించలేదు. ఇప్పుడు సోనా భూగోళం జవాబులు రెండు పేజీలు రాస్తుంది.

మార్చికి వాళ్లు కడుతున్న మేడ పని అయిపోతుంది. పరీక్ష అవగానే లారీ వస్తుంది, వీళ్లను ఇంకో చోటికి తోలుకుపోతుంది. ఏడు పాసైనట్టు కాగితం చేతిలో ఉంటే ఎక్కడికి పోయినా ఎనిమిదిలో చేరొచ్చు. లేకపోతే పన్నెండేళ్ల సోనా నెత్తి మీదికి తట్ట వస్తుంది.

"సార్, ఇదేమిటండీ?" కాపీ తీసుకెళ్లి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది.

కామేశ్వరరావుది అమలాపురం. కళ్లజోడు తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తుడుచుకున్నాడు. "నేను సంతకం పెట్టానంతేనమ్మా."

"చదవకుండానా?"

"ఇరవై ఏళ్లుగా పెడుతున్నానండి. చదివి పెట్టాలంటే ఈపాటికి నా కళ్లు పోయేవి."

"పోయినేడాది ఫలితాలు వచ్చినప్పుడు మీరేమన్నారో నాకు గుర్తుందండీ. 'ఆ తండా పిల్లలు లేకపోతే మన శాతం ఎనభై దాటేది' అన్నారు."

ఆయన మొహం కందగడ్డలా అయింది. "అన్నానమ్మా. నోరు జారి అన్నాను. అన్నవాడల్లా చేస్తాడా? అలాగైతే మా ఆవిడ నన్ను రోజుకి రెండుసార్లు చంపాలి."

జయంతికి నవ్వు రాలేదు. "ఇప్పుడేం చేస్తారో చెప్పండి."

బడికి ఫోను లేదు. ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. కామేశ్వరరావు రోడ్డు దాటి వెళ్లి మండల విద్యాధికారి ఆఫీసుకు ఫోను చేసి, పది నిమిషాలకు చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"చేర్చుకుంటారట. కాని ఒక మెలిక పెట్టారు. పేర్లు ఎవరు తీసేశారో వాళ్లే, తప్పు నాదని, సొంత చేతిరాతతో రాసివ్వాలట. దాని మీద నేను సంతకం పెట్టాలి. ఐదులోపు అందాలి. లేకపోతే రేపు పొద్దున కట్ట జిల్లాకి వెళ్లిపోతుంది." ఆయన గొంతు తగ్గించాడు. "కొంచెం నా పేరు రాకుండా చూడండమ్మా."

అంటే దొంగను పట్టుకుంటే చాలదు. దొంగ చేత కాగితం రాయించాలి.

జాబితా తన చేతి నుంచి వెళ్లింది యాదయ్య చేతికి. ఆమె సంగతి అడగ్గానే అటెండరు యాదయ్య అరుగు మీద బీడీ ఆర్పేసి లేచి నిలబడ్డాడు.

"నా మీద పడ్తవేంది టీచరమ్మా! నాకు చదువొస్తే గీడ గంట కొట్టుకుంట ఎందుకుంట?"

"నీ మీద పడడం లేదు యాదయ్యా. నేనిచ్చిన కాగితం ఎవరికిచ్చావు?"

"గోవిందప్ప సారుకిచ్చిన. కొట్టివేతలున్నయ్, మంచిగ రాసిస్త తే అన్నడు. జాబితాలన్నీ సారే రాస్తడు గద? చేతిరాత ముత్యాల లెక్క ఉంటది." అతను ఆమె మొహం చూసి ఆగాడు. "జర నీళ్లు తాగు టీచరమ్మా. గట్ల తెల్లగయినవేంది?"

ఇంకెవరి పేరు చెప్పి ఉన్నా ఆమె తట్టుకునేది. లెక్కల మాష్టారు గోవిందప్ప పేరు కాదు. ఆ తొమ్మిది మందినీ బడి వదిలాక కూర్చోబెట్టుకుని, చింతగింజలు పోసి భిన్నాలు చెప్పేది ఆయనే. ఈ ఊళ్లో ఆమె పని అర్థమైన ఒకే ఒక్క మనిషి ఆయన.

ఏడో తరగతి గదిలో గోవిందప్ప ఒంటరిగా లేడు. సోనా పక్కన నిలబడి పలకలో లెక్క చూపిస్తోంది. జయంతిని చూడగానే మూట విప్పింది.

"టీచర్, మా యాడి నీకు బాటి పంపింది. తినకుండ పోతవట, అమ్మ చెప్పింది."

జొన్నరొట్టె ఇంకా వెచ్చగా ఉంది. "తింటానమ్మా. నువ్వెళ్లి ఆడుకో, పో."

పిల్ల వెళ్లేదాకా ఆగి, కాపీ బల్ల మీద పెట్టింది.

గోవిందప్ప దాని వంక చూడలేదు. "రాసింది నేనే మేడమ్. దాచేదేముండాది."

"హెడ్మాస్టరు చెప్పారా?"

"ఎవరూ చెప్పలే."

"మరెందుకండీ?" అడిగింది కానీ కోపం రాలేదు. కోపానికి కూడా కొంత బలం కావాలి. "ఆ హాజరు మాట ఎక్కడిది?"

"మీ రిజిస్టరులోదే. శ్రావణంలో తీజ్ పండక్కని తండాకు పోయినారు కదా. మీరు గీసిన సున్నాలు వరసగా ఉండాయి."

ఉన్నాయి. ఆమే పెట్టింది, నిజాయితీగా, ఒక్కొక్కటీ. బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, పాటలు పాడి, తొమ్మిదో నాడు నీళ్లలో కలిపే పండగ అది. పదో రోజు పొద్దున్నే వాళ్లందరూ బడి గేటు ముందు నిలబడి ఉన్నారు. ఆ సంగతి రిజిస్టరులో రాసే చోటు లేదు.

"ఈ ఏడు వద్దనుకున్నా మేడమ్. ఇంకా తెలుగు కుదురుకోలే. తప్పితే ఏమైతాదో మీకు తెల్దు. వచ్చే ఏడు రాస్తారు, గట్టిగా రాస్తారు."

"ఎక్కడ రాస్తారండీ వచ్చే ఏడు?"

ఆయన తలెత్తాడు.

"కిటికీలోంచి చూడండి. ఆ నాలుగో అంతస్తుకి అద్దాలు బిగిస్తున్నారు. మార్చిలో లారీ వస్తుంది. జీడిమెట్లకో ఇంకెక్కడికో, వాళ్లకే తెలీదు. మీ ఊళ్లో పిల్లవాడికి వచ్చే ఏడు కూడా అదే బడి ఉంటుంది, అదే గోడ ఉంటుంది. వీళ్లకు వచ్చే ఏడు అనేదే లేదు గోవిందప్ప గారూ."

బయట ఎక్కడో బండ పేలింది. కిటికీ చువ్వలు గలగలలాడాయి. గోవిందప్ప ఆ నాలుగో అంతస్తును చాలాసేపు చూశాడు. రోజూ ఆ దారినే వచ్చే మనిషి. ఇవాళే చూసినట్టు చూశాడు.

"అది నాకు తట్టలే," అన్నాడు చివరికి.

జయంతి ఎస్టీడీ బూత్ నుంచి వచ్చిన కబురు చెప్పింది. మెలిక కూడా చెప్పింది. ఆయనకు ఇంకా పద్దెనిమిది నెలల సర్వీసుంది. సొంత చేతిరాతతో తప్పు ఒప్పుకుంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. సస్పెన్షన్ కావచ్చు, పెన్షన్‌కు అడ్డం కావచ్చు.

"రాయండి అని అడిగే ఓపిక కూడా నాకు లేదండీ," అంది జయంతి. "ఒకటిన్నరయింది. మూడింటికి యాదయ్య సైకిలెక్కితే అందుతుంది."

గోవిందప్ప సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు. పెన్ను మూత తీశాడు. ముప్పై ఏళ్లుగా బడి జాబితాలన్నీ ముత్యాల్లా రాసిన చెయ్యి కాగితం మీద ఆనించి అలాగే ఉండిపోయింది. నాలుగు నిమిషాలు. ఐదు.

"రావడం ల్యా మేడమ్."

ఆమె అలసటగా గోడకు ఆనుకుంది. నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ముందు మీ మాటలో చెప్పండి. తర్వాత తెలుగులో రాద్దురుగాని."

ఆయన చప్పున ఆమె వంక చూశాడు. ఆయనది మడకశిర అవతల, సరిహద్దు పల్లె. ఇంట్లో కన్నడం. ఈ బడిలో ఆయన ఒక్క కన్నడం ముక్క మాట్లాడగా ఎవరూ వినలేదు. తల వంచుకుని మెల్లగా, తనలో తాను, కన్నడంలో ఏదో చెప్పుకున్నాడు. ఆమెకు అర్థం కాలేదు. కాని మధ్యలో గొంతు ఒకచోట తెగింది, అది అర్థమైంది. తర్వాత పెన్ను కదిలింది.

జయంతి జొన్నరొట్టె రెండు ముక్కలు చేసి, ఒకటి ఆయన పక్కన పెట్టి, రెండోది నములుతూ కూర్చుంది. మూడుకు పది నిమిషాలుండగా ఆయన కాగితం ఆమె వైపు జరిపాడు. ఆమె చదివింది.

'మండల విద్యాధికారి గారికి, లెక్కల ఉపాధ్యాయుడు గోవిందప్ప రాసుకునేది.

ఏడో తరగతి జాబితాలోంచి తొమ్మిది మంది పేర్లు తీసేసింది నేను. జయంతి మేడమ్ సరిగ్గానే రాసి ఇచ్చినారు. హెడ్మాస్టరు గారు నన్ను నమ్మి చదవకుండా సంతకం పెట్టినారు. హాజరు చాలదని నేను రాసింది అబద్ధం. పండక్కి పోయిన తొమ్మిది దినాలు తప్ప ఆ పిల్లలు బడి తప్పలేదు.

నాకు వాళ్ల మీద కోపం లేదు. నా కాలంలో ఎనిమిదికి ఉండేది ఈ పెద్ద పరీక్ష. నేనూ, మా తమ్ముడూ కన్నడం మాట్లాడే ఇంట్లో నుంచి పోయి తెలుగులో రాసినాము. ఇద్దరమూ తప్పినాము. తప్పినోళ్ల పేర్లు ప్రార్థనలో నిలబెట్టి చదివినారు. నేను మూడోసారికి గట్టెక్కినాను. మా తమ్ముడు ఆ రోజు తర్వాత బడి గడప తొక్కలేదు. ఇప్పటికీ వేలిముద్రే వేస్తాడు. ఈ పిల్లల పేర్లు రాస్తా ఉంటే వాని పేరు రాస్తున్నట్టు అనిపించింది. రాయకుంటే తప్పరు కదా అనుకున్నాను. రాయకుంటే పాసు కూడా కారని అనుకోలేదు.

సాయంత్రాలు నా దగ్గర లెక్కలు చేసింది ఈ పిల్లలే. చేయగలరని నాకు తెలుసు. తెలిసి కూడా నమ్మలేదు. నేను చేసిన నేరం అదే. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే, పేర్లు మాత్రం చేర్చుకోండి. ఈసారి నా చేత్తోనే రాస్తున్నాను.

ఒకటి, కేతావత్ సోనా.'